లెఫ్టు లోవరు లోబు

ఏంటీ, మీ ఆఫీస్‌లో కొత్తగా చేరిన జపాన్ అమ్మాయి లంచ్ టైంలో కార్లో కూర్చుని ఎల్, ఆర్ ప్రాక్టీస్ చేస్తోందా? ఫోన్లో యాప్ పెట్టుకునా? పాపం. నవ్వకు మీనా, నవ్వాల్సిన విషయం కాదది. ఇదిగో, ఆ కుర్చీ ఇలా లాక్కుని కూర్చో, నీకో మనిషి సంగతి చెప్పాలి. ఆదిశేషు అని, మీ నాన్న చూడలేదులే వాణ్ణి, మీ నాన్న ఈ ఇర్వింగ్ ఊరొచ్చేసరికే వాడు ఇక్కడ లేడు. గుంటూరు మెడికల్ కాలేజీలో నా క్లాస్‌మేట్. మొండి అంటే అట్లా ఇట్లా మొండి కాదమ్మా, ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

డెబ్భై తొమ్మిదిలో ఇద్దరం డల్లాస్‌లో ఒక హాస్పిటల్లో రెసిడెన్సీ ట్రైనింగ్‌లో చేరాం, రేడియాలజీ. ఏ హాస్పిటలైతే ఏంలే, ఇప్పుడు ఆ బిల్డింగే లేదు. అప్పట్లో పని ఎలా ఉండేదంటే, చీకటి గదిలో కూర్చుని ఎక్స్‌రేలు లైట్ మీద పెట్టి చూడటం, చూసింది టేప్ రికార్డర్‌లో చెప్పడం. ఆ టేపులు కింద బేస్‌మెంట్‌లో టైపిస్టుల దగ్గరికి పోతాయి. వాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ టైప్ చేస్తారు. అర్థం కాని మాటొస్తే అక్కడ ఖాళీ వదిలేసి, ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి వెనక్కి పంపుతారు. మిసెస్ డాల్టన్ అని హెడ్ టైపిస్టు, నోట్లోంచి మాట వచ్చేది కాదు, ఎర్ర సున్నాలే వచ్చేవి. నాకు పేజీకి ఒకటో రెండో. ఆదిశేషు పేజీలు చూస్తే మశూచి పోసినట్టుండేవి.

వాడికి ఇంగ్లీష్ రాదనుకునేవు! నాకంటే బాగా వచ్చు. రోగం ఏంటంటే స్పీడు. రైలు తప్పిపోతున్నట్టు మాట్లాడేవాడు. ఒరే, మాటకీ మాటకీ మధ్య కాస్త ఊపిరి పీల్చుకోరా నాయనా అని ఎన్నిసార్లు చెప్పానో! "ఎందుకురా? నేను మాట్లాడేది ఇంగ్లీషే కదా? వాళ్ళ చెవులు బాగుచేసుకోమను" అనేవాడు. నేనా? నేను వచ్చిన ఆర్నెల్లకే టీవీ ముందు కూర్చుని న్యూస్ చదివేవాళ్ళ మూతులు చూసి నేర్చేసుకున్నాను. వాటర్ అనకూడదు, వాడర్ అనాలి. స్కెడ్యూల్ అనాలి. వాడు నన్ను చూసి నవ్వేవాడు, "ఏరా, నోట్లో వేడి ఉప్మా పెట్టుకున్నావా?" అని. నవ్వనీ. నా కాగితాలు శుభ్రంగా ఉన్నాయా లేదా?

సరే, ఎక్కడున్నాను... ఆఁ, కురోదా. మాతోపాటే చేరాడు, డాక్టర్ కురోదా, ఒసాకా నుంచి. ఎక్స్‌రే చదవడంలో మా ఇద్దర్నీ కలిపి కట్టినా సరిపోయేవాళ్ళం కాదు, అంత కన్ను ఆయనది. కానీ ఊపిరితిత్తుల ఎక్స్‌రే అంటే ఏముందమ్మా, రోజంతా లెఫ్ట్ లోవర్ లోబ్, అంటే ఎడమ ఊపిరితిత్తి కింది భాగం, రైట్ లోవర్ లోబ్, క్లియర్, నాట్ క్లియర్. ఆయనకి ల, ర ఒకటే. రెంటికీ మధ్యలో ఇంకేదో పలికేవాడు, అది ఏ భాషలోనూ లేదు. వ అనమంటే బ, థ అనమంటే స. ఆయన కాగితాలు ఎర్రగా కాదు, మొత్తం ఖాళీగానే వచ్చేవి. ఎనభై మార్చిలో మా ఛీఫ్ ఆదిశేషునీ కురోదానీ పిలిచి చెప్పేశాడు, జూన్ దాకా టైం, సున్నాలు తగ్గకపోతే కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యను అని. కాంట్రాక్ట్ లేకపోతే వీసా లేదు, అర్థమైందిగా. సామాను సర్దుకోవడమే.

హాస్పిటల్ వాళ్ళు ఒక స్పీచ్ టీచర్‌ని పెట్టారు. వారానికి రెండు సాయంత్రాలు. చేతికి ఒక అద్దం ఇచ్చి నాలుక ఎక్కడుందో చూసుకోమనేది. కురోదా నోరు తెరుచుకుని చెమటలు కక్కేవాడు పాపం. మావాడేమో మొదటి రోజే ఆవిడతో గొడవ. "మేడమ్, ఐ హావ్ బీన్ స్పీకింగ్ ఇంగ్లీష్ సిన్స్ ఐ వజ్ సిక్స్" అని అద్దం బల్ల మీద పెట్టేసి లేచొచ్చాడు. వస్తూ వస్తూ కురోదాని కూడా లేపుకొచ్చాడు, వింటున్నావా? "ఆవిడకి నేర్పడం రాదురా, నేను నేర్పుతా" అని! ఛీఫ్ పెట్టిన టీచర్‌ని వదిలేసి!

ఇక చూడు తమాషా. రోజూ సాయంత్రం ఐదింటికి కెఫెటేరియాలో మూల టేబుల్. ఆదిశేషు తొడ మీద తాళం వేస్తూ "ల, లా, లి, లీ", ఎదురుగా ఆ పెద్దమనిషి టై కట్టుకుని "లు, లూ" అంటూ గుణింతం. ల కి నాలుక పళ్ళ వెనక అంటించి పది లెక్కపెట్టాలి. ర కి నాలుక ఆడించాలి. పదిహేను రోజులకి ర, ఱ, ల, ళ అన్నీ పట్టుకున్నాడు. "ళ ఎందుకురా ఆయనకి? అమెరికాలో ళ ఎక్కడుంది?" అని నేను నెత్తి కొట్టుకుంటే, "సగం సగం నేర్పడం నాకు చేతకాదు" అన్నాడు. ట్రేలు పట్టుకుని పోయే నర్సులందరూ ఆగి చూసేవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. వేరే టేబుల్లో కూర్చునేవాణ్ణి, నిజం చెప్తున్నా.

ఇంకో తద్దినం ఏంటంటే, కురోదాకి ప్రతి మాట చివరా ఒక ఉ తగిలించడం అలవాటు. జపాన్‌వాళ్ళకి అంతే, మాట హల్లుతో ఆగదు. మావాడు అది దిద్దాలి కదా? మావాడికి అసలు తప్పు వినపడితే కదా! మనకీ అదే జబ్బాయె. "లెఫ్టు లోవరు లోబు" అని కురోదా అంటే, "వెరీ గుడ్, లెఫ్టు లోవరు లోబు" అని వీడు! ఒక గురువు, ఒక శిష్యుడు, ఒకే తప్పు, ఇద్దరూ చేతులు కలుపుకోవడం. మే నెల వచ్చేసరికి ఒసాకా డాక్టర్ అచ్చం మన నరసరావుపేట లెక్కల మాస్టర్‌లా మాట్లాడుతున్నాడు.

నవ్వు నవ్వు. మరి సున్నాలు తగ్గాయంటే నమ్ముతావా? కురోదావి. ఒక్కో అక్షరం గుణింతంలా విడివిడిగా, నిదానంగా పలికేవాడు కదా, మిసెస్ డాల్టన్‌కి హాయిగా ఉండేది. పేజీకి ఐదు, తర్వాత మూడు. ఆ నిదానం నేర్పింది ఎవరు? వీడే. ఎదుటివాడికి చెప్పేటప్పుడు ఎంత ఓపిక! తన టేప్ దగ్గరికొస్తే మళ్ళీ అదే పరుగు. ఒరే, కురోదాతో మాట్లాడినట్టు మాట్లాడరా టేపుతో, ఒక్క నెల, నీ కాళ్ళు పట్టుకుంటా అన్నాను. "ఆయనకి అవసరం కాబట్టి అలా మాట్లాడతాను. నాకేం ఖర్మ?" అన్నాడు. ఏం చెయ్యను చెప్పు అలాంటి మనిషిని! అప్పుడు వాడి మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు నాకు.

జూన్ మొదటి వారంలో ఛీఫ్ నన్ను పిలిచాడు. తలుపు వేశాడు. రామ్, నువ్వూ అతనూ ఒకే చోటి నుంచి వచ్చారు, నిజం చెప్పు, నీకు అతని డిక్టేషన్ అర్థమవుతుందా అని అడిగాడు. అర్థం కాకపోవడమేంటమ్మా! వాడి మాట నాకు నిద్రలో కూడా అర్థమయ్యేది. గుంటూరు హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ఆ మాటే చెప్పి, వాడు మంచి డాక్టర్ సార్, ఇంకో మూడు నెలలు టైం ఇవ్వండి అంటే సరిపోయేది. ఛీఫ్ ఆగి చూస్తున్నాడు కూడా. నేనేమన్నానో తెలుసా? "టు బి ఆనెస్ట్ సర్, హాఫ్ ద టైమ్ ఈవెన్ ఐ డోంట్." సగంసార్లు నాకే అర్థం కాదు అని, నవ్వుతూ అన్నాను. జోకు. ఆయనకీ నాకూ మధ్య ఓ జోకు, చూశారా, నేను మీలో మనిషిని అని. ఆయన పగలబడి నవ్వి, నా భుజం తట్టి, ఫైల్లో ఏదో రాసుకున్నాడు.

కురోదాకి రెన్యూ అయింది. వీడికి కాలేదు. కెనడాలో ఎక్కడో మంచులో, ఒక్క డాక్టర్ కూడా లేని ఊరొకటి ఉంటే అక్కడికి పోయాడు. అక్కడి గోధుమ రైతులకి వీడి ఇంగ్లీష్ బ్రహ్మాండంగా అర్థమైందట, అదీ విడ్డూరం. ఏటా జనవరిలో కార్డు పంపేవాడు. నేను రెండు మూడింటికి జవాబు రాశాననుకుంటా. బిజీ. అది సాకే, తెలుసు.

ఎనభై ఆరులో ఒక ఆదివారం ఫోన్ మోగింది. "రామమోహన్ గారూ" అన్నారు అటునుంచి, ర బ్రహ్మాండంగా ఆడింది, గుంటూరు నుంచి ఎవరో అనుకున్నాను. కురోదా. అప్పటికి హ్యూస్టన్‌లో సెటిలయ్యాడు. ఆదిశేషు పోయాడని చెప్పాడు, హార్ట్ ఎటాక్, నలభై ఒక్క ఏళ్ళు. ఆదిశేషు అని ఎంత శుభ్రంగా అన్నాడనుకున్నావ్, ఈ దేశంలో ఆ పేరు అలా పలికినవాడు ఇంకొకడు లేడు. తర్వాత నాకు థాంక్స్ చెప్పాడు. ఎందుకండీ అన్నాను. "ఆ జూన్‌లో మీరు ఛీఫ్ దగ్గర చాలా పోట్లాడారట, ఆదిశేషు చెప్పాడు. ఛీఫ్ వినలేదుగానీ మా రామమోహన్ నా కోసం గట్టిగా చెప్పి ఉంటాడు అని ఎప్పుడూ అనేవాడు" అన్నాడు.

చెప్పి ఉంటాడట! ఆ వెధవ నన్ను ఒక్కసారి అడగలేదమ్మా. ఒరే, ఏం చెప్పావురా అని అడగొచ్చుగా? కార్డులో ఒక్క ముక్క రాయొచ్చుగా? అడిగితే నేను... ఏమో. అన్నిటికీ నోరున్న మనిషి, దీనికి మాత్రం తనంతట తనే అనుకుని, ఆరేళ్ళు నమ్మేసి, నమ్మకంతోనే పోయాడు. ఇంతకంటే మొండితనం ఉంటుందా?

ఏంటీ? కురోదాకా? లేదు, చెప్పలేదు. యూ ఆర్ వెల్‌కమ్ అన్నాను. చక్కగా, టీవీలో వాళ్ళలాగే అన్నాను.

నువ్వు బయల్దేరమ్మా. ఐదు దాటితే ఆ హైవే మీద కార్లు కదలవు.