తాడు మీద ఇనుము

బయ్యన్నకి తిరనాళ్ళలో కొన్న కొత్త కత్తంటే ప్రాణమంట. నడుముకి కట్టుకుని ఊరంతా తిరిగేవోడు. ఇతని బావ గురవన్న. కుండమార్పు పెళ్ళిళ్ళు వాళ్ళవి, ఈడి చెల్లెలు అంకమ్మ ఆడికి, ఆడి చెల్లెలు ఈడికి. కొండచరియలో తేనెకి దిగేవోడి తాడు పెళ్ళాం తోడబుట్టినోడే పట్టుకోవాల. చెల్లెలి తాళి తెగనిస్తాడా, ఆడైతేనే వదలడు. ఓ పొద్దున ఇద్దరూ బయల్దేరారనుకో. గురవన్న పనిముట్లన్నీ ముందేసుకుని, దారికి గొడ్డలి, తీగలకి కొడవలి, తేనెపట్టు కొయ్యటానికి వెదురు బద్ద, తాడు మీద వేలాడేవోడు మాత్రం ఇనుము పట్టకూడదు బావా అన్నాడంట. ఈడు సరేసరే అని బద్ద తీసుకున్నాడు, కత్తి పంచె లోపల దోపుకున్నాడు. మోజు మరి, ఏం జేస్తాం.

ముందు బయ్యన్న దిగాడు. ఏమైందంటే, కత్తి తీసి పట్టు కోస్తంటే ఈగలు మొహం మీదకి లేచినయ్యి, చెయ్యి విసిరాడు, ఆ విసురుకి తాడుకి తగిలింది. మూడు పురుల్లో ఒకటి తెగింది. ఎట్టాగో పైకొచ్చాడు. నువ్వు అలిసిపోయావు బావా, రెండో పట్టుకి నేను దిగుతా అన్నాడంట గురవన్న. బయ్యన్న చెబుదామని నోరు తెరిచాడు. చెబితే కత్తి సంగతి బయటపడద్ది, ఒక్క పురేగా, ఆగద్దిలే అనుకున్నాడు. తెగిన చోటు కనపడకుండా లోపలికి పెట్టి తాడు చుట్టిచ్చాడు. ఆగలేదయ్యా. సగం దూరం దిగేసరికి ఈడి చేతిలో బరువు లేదు, తాడు ఉంది.

ఊళ్ళో ఏమన్నాడో తెలుసా, తాడు పుచ్చిపోయిందన్నాడు. ఆ తాడు పేనింది గురవన్నే. ఇంకేముంది, ఒళ్ళొంచి పేనలేదు, తన చావు తనే తెచ్చుకున్నాడని ఊరంతా చచ్చినోణ్ణే తిట్టారంట. అంకమ్మ అన్నీ వింటా ఉండేది. బయ్యన్న చెల్లెలింటికి ఏటేటా గింజలు మోసేవోడు, ఆ ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు. ఇరవయ్యేళ్ళకి, మంచాన పడ్డాక, చెల్లెల్ని పిలిపించి, అమ్మా, తాడు పుచ్చలేదే, నా కత్తే తగిలిందే అని ఏడ్చాడంట.

"తెగిన కొస ఆ రోజే చూశా అన్నా," అందంట అంకమ్మ. "రెండు పురులు పీచులు పీచులుగా ఉన్నాయి, ఒకటి నున్నగా ఉంది. నీ నోటితో నువ్వే చెప్తావని చూస్తన్నా. నాకేం చెప్తావ్, ఊరికి చెప్పు."

చెప్పాడా అంటారా? చెప్పాడు. మంచంతో సహా మోయించుకొచ్చి నలుగురిలో చెప్పాడు, నేనూ విన్నా. కానీ అప్పటికి గురవన్నని తిట్టినోళ్ళల్లో సగం మంది పోయారు. వాళ్ళకి గురవన్న ఇంకా తాడు పేనటం రానోడే.