పదకొండు రోజుల సీనియర్, మూడు తరాల ఇంజన్లు

శ్రీ గొర్లె భీమశంకరరావు గారు 1989వ సంవత్సరం జూలై పదిహేడవ తేదీ, సోమవారం నాడు మన హార్బరు వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. నేను అదే నెల ఇరవై ఎనిమిదిన చేరాను. ఆ పదకొండు రోజుల అంతరాన్ని ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఏ విధంగానూ పూడ్చలేకపోయాను. పదవీ విరమణ అభినందన వ్యాసానికి ఇది తగిన ప్రారంభం కాదని తెలుసు. కాని ఆయనను అందరికంటే బాగా ఎరిగినవాణ్ణి నేనేనని సంచిక సంపాదకవర్గం వారు ఈ పని నాకే అప్పగించారు. ఇంతకాలం ఒక మనిషిని చూసి కుళ్ళుకున్నవాడికంటే ఆయనను బాగా ఎరిగినవారు ఎవరుంటారు?

డీజిల్ విభాగంలో తొలి పదిహేనేళ్ళు ఆయన చేసిన సేవ అనన్యసామాన్యం. లాంచీ ఇంజను మీద అరచెయ్యి ఆనించి, ఏ సిలిండరు సరిగా పనిచేయడం లేదో చెప్పేవారు. మేము గంటసేపు విప్పి చూస్తే, ఖర్మం కొద్దీ, అదే అయ్యేది. 2004లో ఫిట్టర్లందరి మీద అజమాయిషీ చేసే చార్జ్‌మేన్ పోస్టు ఒక్కటే ఖాళీ అయింది. అర్హతలు ఇద్దరివీ సమానమే, మార్కులూ సమానమే. పదకొండు రోజుల సీనియారిటీతో ఆ పోస్టు ఆయనను వరించింది. అంతవరకు "బావా" అని పిలిచిన నోటితోనే మర్నాటి నుంచి "సార్" అనవలసి వచ్చింది. ఆయన వద్దన్నారు. వద్దన్నందుకు ఇంకా మండింది.

ఉద్యోగ జీవితానికి వెలుపల ఆయనకున్న ఏకైక వ్యసనం పాత టూ స్ట్రోక్ డర్ట్ బైకులు. 1978 నాటి గాలితో చల్లబడే బండి ఒకటి తుక్కులో కొని, స్వహస్తాలతో పునరుద్ధరించారు. ఆయనకుంది కదా అని నేను 1997 నాటి, నీటితో చల్లబడే బండిని అప్పు చేసి మరీ తెచ్చుకున్నాను. స్టోర్స్‌లో పనిచేసే మధులత గారి దగ్గర వాటి మధ్య తరానికి చెందిన 1986 బండి ఉండేది. ఏటా డిసెంబరు రెండో ఆదివారం, సబ్బవరం అవతల ఆమె తండ్రిగారి మెట్టపొలాన్ని ఆనుకున్న ఎత్తుకు ఎక్కే కంకర దారిలో ఈ మూడు తరాల ఇంజన్ల సామర్థ్యాన్ని పోల్చి చూసేవాళ్ళం. మూడింటినీ మధులత గారే నడిపేవారు. స్టాప్‌వాచీ, నోటుపుస్తకం భీమశంకరరావు గారివి. పెట్రోలులో నూనె కలిపే పని నాది.

ఆయన సిద్ధాంతం తేటతెల్లమైనది. కొత్త ఇంజనుకు బలం ఎక్కువే కాని అది పైవేగంలోగాని మేల్కోదు. మధ్య తరానికి చురుకు ఎక్కువ. పాత ఇంజను తక్కువ వేగంలోనే దమ్ము పట్టి లాగుతుంది గనుక కంకర ఎత్తులో చక్రం జారనివ్వదు. నాకు ఈ సిద్ధాంతం నచ్చేది కాదు. ఏటేటా అదే రుజువయ్యేది. ఆయన బండి పంతొమ్మిది సెకన్లు, నాది ఇరవై, ఇరవై ఒకటి.

2016 డిసెంబరులో మాత్రం నాది ఇరవై, ఆయనది ఇరవై నాలుగు. ఆ రోజు పాత బండి తెల్లని పొగ కక్కుతూ సగం దారిలో తడబడింది.

"ఏటి సార్, బండి ఇలా దగ్గుతన్నాది?" అన్నారు మధులత గారు దిగుతూ.

"పెద్దదైపోనాది కదమ్మా, దగ్గదేటి?" అని ఆయన నవ్వి, పుస్తకంలో నా బండిని ప్రథమంగా రాశారు. మరుసటి ఏటి నుంచి పాత బండిని పోటీకి తేలేదు. గెలిచిన బండి నాదేనని క్యాంటీనులో తొమ్మిదేళ్ళు చెప్పుకుని తిరిగాను.

ఈ వ్యాసం కోసం కిందటి నెల వారింటికి వెళితే ఆ పుస్తకం నా చేతికిచ్చారు. 2016 పేజీలో, గెలిచిన నా బండి పేరు కింద, ఆయన ముత్యాల అక్షరాలలో ఇలా ఉంది: "పాత బండి ప్లగ్గు నల్లగా, తడిగా ఉంది. నూనె రెట్టింపు."

నిజమే. లీటరుకు యాభై మిల్లీలీటర్లు పొయ్యాల్సిన చోట నేను నూరు పోశాను. పొరపాటున కాదు.

"ఇది సూసీసి తొమ్మిదేళ్ళు ఊరుకున్నావా బావా?" అన్నాను. సార్ అనడం మరిచిపోయాను.

"ఊరుకోక ఏటి సేత్తాను? రెండోసారి కూడా నీకు పోస్టు రాలేదప్పుడు. మూడు రోజులు అన్నం ముట్లేదని మీ విమలమ్మ మా సత్యశ్రీతో సెప్పీసి ఏడ్సింది. ఆ ఒక్క గెలుపైనా ఉండనీ అనుకున్నాను."

"మరి తరవాతేడైనా పాత బండి తేలేదేటి?"

"తెత్తే నానే నెగ్గుతాను కద బావా."

ఆ మాటకు ఆయన కాళ్ళకు నమస్కరించాలో, పుస్తకం విసిరికొట్టాలో తెలియలేదు. ఉద్యోగంలోనూ ఆయనే ముందు, పనిలోనూ ఆయనే, చివరికి మంచితనంలోనూ ఆయనే. నాకున్న ఒక్క గెలుపూ ఆయన పెట్టిన భిక్షే. ఇంత మంచివాడిని చూసి కుళ్ళుకోవడం ఎంత కష్టమో సహోద్యోగులు గ్రహించగలరు.

కావున, నా భార్య విమలమ్మ, ఆయన ధర్మపత్ని సత్యశ్రీ గారు, మీరందరూ సాక్షులుగా, ఈ సంచిక ముఖంగా సవరిస్తున్నాను: 2016 పరీక్షలో నా గెలుపు చెల్లదు. మొదటి స్థానం 1978 బండిది.

శ్రీ భీమశంకరరావు గారికి ఆయురారోగ్యాలు సంపూర్ణంగా సమకూరాలని మనసారా ప్రార్థిస్తున్నాను. ఇందులో నా స్వార్థం కూడా ఉంది. వచ్చే డిసెంబరు రెండో ఆదివారం ఆ పాత బండి సబ్బవరం రావాలి. అందరి ఎదుటా కొలిచి, యాభై మిల్లీలీటర్ల నూనె నేనే పోస్తాను. నా బండి నిజంగా నెగ్గేవరకు ఏటా పోస్తాను. అందుకు ఎన్నేళ్ళు పడితే అన్నేళ్ళూ ఆయన ఆ ఎత్తు మీద స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడి ఉండాలి.

రేపటి నుంచి ఆయన నాకు సార్ కారు. వాచీ సరిగ్గా నొక్కు బావా.

— ఐజాక్, డీజిల్ విభాగం