పన్నెండో ఏడు

"గడియ పెట్టావా?"

"పెట్టాను. లువా, నువ్వు ముందు కూర్చో."

"మెల్లిగా మాట్లాడు. మెట్ల మీదే ఉందేమో. మనం లేమని చెప్పమన్నావా ఇంటావిడతో?"

"చెప్పమన్నాను. ఆవిడా చెప్పింది. ముసలమ్మ వింటేగా! వచ్చేదాకా కూర్చుంటానని కింద బెంచీ మీద చతికిలబడిందట."

నామ్ దిన్ పట్నంలో ఒక వసతిగృహం, మేడ మీది గది. బయట మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. లువా, తోవాన్ దంపతులు ప్రాగ్ నుంచి, తాము పుట్టిన ఈ దేశానికి ఇంత దూరం వచ్చింది ఒక నాలుగేళ్ళ పిల్లను పెంచుకోవడానికి తీసుకెళ్దామని. రేపు పొద్దున ఆఫీసులో పిల్లను చేతికిస్తారు. ఈ పూట గడిస్తే చాలునని ఇద్దరూ ప్రాణాలు అరచేత పట్టుకుని ఉంటే, సరిగ్గా ఈ పూటే పిల్ల అమ్మమ్మ వచ్చి కూర్చుంది.

"ఎందుకొచ్చిందంటావ్?"

"ఎందుకొస్తుంది! మనసు మారి ఉంటుంది. రేపు అందరి ముందూ 'నేనివ్వను' అందంటే అయిపోయింది. వట్టి చేతులతో విమానమెక్కాలి మనం."

"అట్లా అనకయ్యా, నీకు దణ్ణం పెడతాను."

"దత్తత ఇప్పించే సంస్థావిడ ఏం చెప్పింది? పిల్ల తాలూకు వాళ్ళెవరొచ్చినా మాట్లాడొద్దు, ఏమీ ఇవ్వొద్దు, ఏమీ పుచ్చుకోవద్దు. తెలిసిందంటే మొత్తం రద్దు."

"అందుకేగా గడియ పెట్టింది."

"ఇంకో సంగతి... పోనీలే, వద్దులే."

"ఏంటది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ మొహమేంటి? చెప్పు తోవాన్!"

"ఇంటావిడతో అందట... ఆ పిల్లని ఎప్పుడో అమ్మేశానని."

"అమ్మేసిందా?"

"అదే మాట అందట. ముందే ఎవరికో అమ్మిన పిల్లని మనకి అంటగడుతున్నారేమో. రేపు వాళ్ళొచ్చి మా పిల్ల అంటే? పోలీసులు మన మెడ పట్టుకుంటే?"

"ఎవరికి అమ్మిందట?"

"గుడికి! గుడికి పిల్లనమ్మడమేంటి, పిచ్చి కాకపోతే?"

"అయ్యో... అయ్యో దేవుడా."

"ఏంటి? ఏమైంది?"

"అయిదేళ్ళప్పుడే ఊరొదిలినవాడివి, నీకేం తెలుస్తుంది. పిల్ల అదే పనిగా జబ్బు పడుతుంటే, దయ్యాల కన్ను పడిందని గుడికి అమ్మేస్తారు. పూజారి పిల్ల చొక్కా వీపు మీద ఎర్ర ముద్ర వేస్తాడు. ఆ చొక్కా ఇంట్లోవాళ్ళు దాచిపెడతారు. ఇక అప్పట్నుంచి పిల్ల దేవుడిది. పన్నెండో ఏడొచ్చాక ఇంటివాళ్ళు గుడికి పోయి విడిపించుకుంటారు."

"ఓస్, ఇంతేనా! నేనింకా నిజంగా అమ్మిందేమో అనుకుని చచ్చాను."

"ఇంతేనా ఏంటి? నాలుగేళ్ళ పిల్ల. ఇంకా ఎనిమిదేళ్ళు దేవుడి సొత్తు. దేవుడి పిల్లని అడక్కుండా సముద్రం దాటిస్తామా?"

"లువా, నువ్వు ప్రాగ్‌లో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తున్నావు."

"అయితే? పళ్ళకి దేవుడికి ఏంటి సంబంధం? ష్‌... అదిగో. తలుపు."

"తియ్యకు. ఊపిరి కూడా తియ్యకు."

"అమ్మాయ్! లోపలున్నారని తెలుసులే. మీ చెప్పులు గుమ్మం బయట నా కాలికి తగిలాయి."

"చెప్పులు! ఛీ, నా బుద్ధి కాల్చ. తియ్యి తోవాన్, ఇంకేం చేస్తాం."

"...రండి బామ్మగారూ."

"రానిస్తే చాలు నాయనా. అబ్బ, ఈ మెట్లు!"

"తడిసి ముద్దయ్యారు. కూర్చోండి బామ్మా."

"కూర్చుంటే మంచం తడుస్తుంది. నువ్వేగా లువావి? ఫొటోలో ఒళ్ళు చేసి ఉన్నావన్నారే, ఈ చెయ్యి తడిమితే ఎముకలే."

"భయంతో ముద్ద దిగట్లేదు బామ్మా."

"భయమెందుకూ? నేనేమన్నా పులినా?"

"బామ్మగారూ, మేం అసలు మీతో మాట్లాడకూడదు. మీరు డబ్బు గాని అడిగితే..."

"డబ్బెవరిక్కావాలి నాయనా! ఇచ్చిపోదామని వచ్చాను. ఇదిగో ఈ మూటలో, తాటాకు విసనకర్ర. మా నత్తకి ఇది లేకపోతే కన్ను మూతపడదు."

"నత్తేంటి?"

"పిల్లని ఇంట్లో పిలిచే పేరది. మంచి పేరు పెట్టి పిలిస్తే దయ్యాలు వింటాయిగా."

"మా ఊళ్ళో చలండీ. విసనకర్ర ఏం చేసుకుంటాం?"

"గాలికి కాదయ్యా, చప్పుడుకి. టపాటపా అంటుంటే నిద్రపోతుంది. పెట్టెలో పెట్టుకో."

"బామ్మా... రేపు ఆఫీసుకి వస్తారా?"

"రాక?"

"వచ్చి... ఏమంటారు?"

"వేలిముద్ర వెయ్యమంటారు, వేస్తాను. నా కూతురు పోయింది. అల్లుడు ఎటు పోయాడో వాడికే తెలియాలి. నాకేమో కళ్ళు పోతున్నాయి. మొన్న వానల్లో కాలవ గట్టున అది నా ముందే నిలబడి ఏడుస్తుంటే, ఎటు పక్కుందో తెలీక నేను నీళ్ళలోకి దిగాను. ఆ రోజే అనుకున్నా, ఇంక నా వల్ల కాదని."

"అంటే ఇస్తారు! తోవాన్, విన్నావా? ఇస్తానంటోంది!"

"విన్నాను. మరి అమ్మేశానన్నారట?"

"ఆ. ఆ మాట చెప్పడానికే వచ్చాను. గుడికి అమ్మిన పిల్ల అది. తీసుకెళ్ళండి, నేనడ్డం రాను. కానీ పన్నెండో ఏడు రాగానే వెనక్కి తీసుకురావాలి. అమ్మిన మనిషి బతికుంటే, ఆ మనిషి చేతి మీదుగానే విడిపించాలి."

"తీసుకురాకపోతే?"

"అది నా నోట అనిపించకు నాయనా."

"బెదిరిస్తున్నారా?"

"నువ్వూరుకో! తెస్తాం బామ్మా, తప్పకుండా తెస్తాం."

"లువా! ఎనిమిదేళ్ళ తర్వాతి సంగతి ఇప్పుడే మాటిస్తావా? మన ఉద్యోగాలేంటో, పిల్ల చదువేంటో..."

"నాకు భయమేస్తోంది తోవాన్. ముగ్గురు కడుపులోనే పోయారు. ఒక్కతి నడిచొచ్చి నా చెయ్యి పట్టుకోబోతుంటే, దేవుడితో పేచీ పెట్టుకోమంటావా?"

"సరే. అయితే అన్నీ తెలుసుకోవాలిగా. ఏ గుడి బామ్మగారూ?"

"ఈ ఊళ్ళో గుళ్ళకేం కరువు!"

"ఎప్పుడమ్మారు?"

"వాన పడుతోంది ఆ రోజు."

"ఏ ఏడాది అంటున్నాను."

"మీ ఆయన పోలీసా అమ్మా?"

"కాదు బామ్మా, ట్రాము నడుపుతాడు."

"మరి నన్నెందుకు ఇట్లా నిలవేస్తాడు?"

"తోవాన్, కిందికెళ్ళి వేడిగా ఒక టీ పట్రా. వణికిపోతోంది ఆవిడ."

"ఆ సంస్థావిడకి తెలిస్తే..."

"టీ ఇస్తే రద్దు చేస్తారా? వెళ్ళు."

"...వెళ్ళాడా?"

"వెళ్ళాడు. బామ్మా, ఆ మూటలో ఇంకా ఏదో ఉంది."

"దాని చంటప్పటి చొక్కా."

"గుడికి అమ్మినప్పటిదా?"

"ఆ... అదే. అదే అనుకో."

"ఒక్కసారి ఇటివ్వు."

"ఎందుకులే. పాతది. మాసిపోయింది."

"ఇవ్వు బామ్మా. ...నన్ను కూడా అమ్మారు, చిన్నప్పుడు. మా అమ్మ నా చొక్కా ఇప్పటికీ పెట్టె అడుగున దాచింది. వీపు నిండా ఎర్ర ముద్ర."

"నిన్నూ అమ్మారా?"

"దీని మీద ముద్రేది?"

"ఉతికితే పోయుంటుంది."

"ఆ చొక్కా ఎవరూ ఉతకరు."

"నాకు కళ్ళు కనబడవని చెప్పాగా. ఏది ఉతికానో, ఏది దాచానో..."

"బామ్మా, ఇటు చూడు. నేనెవరికీ చెప్పను, మా ఆయనక్కూడా. నత్తని ఎప్పుడమ్మావు?"

"అడక్కు తల్లీ, ఆ మాట అడక్కు."

"ఏడవకు. చెప్పు."

"ఊరికే తీసుకురండంటే మీరెందుకొస్తారమ్మా అంత దూరం? దేవుడి పేరు చెబితేనన్నా..."

"ఎప్పుడమ్మావు బామ్మా?"

"ఇంకా అమ్మలేదు తల్లీ. ఆ చొక్కా ఇటివ్వు, గుడి ఇంకా మూసి ఉండరు. పన్నెండో ఏట తెస్తానన్న మాట మీద నువ్వు నిలబడితే, ఇప్పుడే పోయి అమ్మొస్తాను."