మెడికల్‌కి ముందు మింగిన గోళీలు

అన్‌ఫిట్ అని రాసీకండి డాక్టరమ్మ గారూ! ఆ పెన్ను కాస్త కింద పెట్టండి. ఇరవయ్యేడేళ్ళ సర్వీసండి నాది. బొగ్గింజన్లో ఫైర్‌మేన్‌గా పార పట్టినోణ్ణి, ఇప్పుడు గూడ్సు డ్రైవర్ని. బిలాస్‌పూర్ షెడ్‌లో చిన్నారావంటే ఎవుల్నైనా అడగండి. మీ ఆసుపత్రి మెట్లెక్కలేక మధ్యలో కూలబడిపోనానని అన్‌ఫిట్టేనా?

బీపీ బాగుందని మీరే కదా అన్నారు? మరింకేటి?

ఏటీ? నాడి నలభయ్యెనిమిదా? మెట్లెక్కినా పెరగలేదా? అచ్ఛా... గూడ్సుబండి నడిపీవోడి నాడి అంతకన్నా జోరుగా ఎలా ఎల్తాదండీ! నవ్వరేటి?

కాళ్ళ నరాల్లో రక్తం ఆడటం లేదని మీ అనుమానమా? ఓలమ్మ! ఇంజన్ మీంచి దింపీసి పార్సిలాఫీసులో స్టూలేసి కూకోబెడతారండీ నన్ను. నా కింద అసిస్టెంటుగా చేసిన త్రినాథరావు బండి తోలతంటే నేను చూస్తా కూకోవాల!

సరే, చెప్తాను. ఆ తలుపు దగ్గరగా ఎయ్యండి.

మెడికల్ పరీక్ష వస్తందంటే బళ్ళు నడిపీ మా రన్నింగ్ స్టాఫ్ వేషాలు మీకు తెలీవు. ఒకడు బీపీ దిగాలని పది రోజులు ఉప్పు మానీస్తాడు. ఇంకొకడు వెల్లుల్లి నవుల్తాడు, ఆడి పక్కన నిలబడ్డానికుండదు. నేను తెలివైనోణ్ణి కదా! ఇంట్లోనే మందుంది. మా ఆవిడ అప్పయమ్మకి బీపీకని మీరే రాసిచ్చిన ప్రొప్రనొలాల్ గోళీలు. ఆవిడ పూటకొకటి ఏసుకుంటాది. నేను మగోణ్ణి కదండీ, పూటకి మూడు లెక్కన మింగీసినాను. నాలుగు రోజులు.

ఆవిడకి రాసిచ్చిన్నాడే మీరు చెప్పినారు. నేనూ పక్కనే ఉన్నాను. ఈ మందు గుండెని పరిగెత్తనివ్వదు, కండలకెల్లే రక్తం తగ్గుతాది, దాచుకున్న చక్కెరా కొవ్వూ కూడా కండలు సరిగ్గా కాల్చుకోలేవు, కాళ్ళు బరువెక్కొచ్చు అన్నారు. అంటే ఇంజనెనకాల టెండర్ పెట్టి నిండా బొగ్గున్నా కొలిమిలో పడనట్టన్నమాట. అప్పుడు నేనేటన్నానో గుర్తుందా? పనెగ్గొట్టడానికి మంచి సాకు దొరికింది దీనికి, అన్నాను.

రెండేళ్ళండి. నీళ్ళబిందెతో క్వార్టర్ మెట్లెక్కలేక మధ్యలో ఆగిపోయీది. పిక్కలు రాళ్ళయిపోతన్నాయి అనీది. నాటకాలాడకు అని అరిచీవోణ్ణి, క్వార్టర్లోళ్ళంతా వినీలాగ. ఇయ్యాల మీ మెట్ల మీద నా పిక్కలూ అలాగే అయిపోనాయి. పన్నెండో మెట్టు మీద కూలబడితే దాని మొహమే కనబడ్డాది. సిగ్గేసిందమ్మా.

ఏటి? ఈ నాలుగు రోజులూ ఆవిడేటి మింగిందనా?

ఏటీ మింగలేదు. సీసా ఖాళీ. నీ ఇంజన్ నీకుండాలనీసి అదే తెచ్చి నా చేతిలో పోసింది.

అదేటండీ, అలా లేచి నిలబడిపోనారు? ఉన్నపళంగా మానీకూడదా? గుండెకే ప్రమాదమా?

పొద్దున నేను ఇంటికాడ బయల్దేరతంటే గుండె దడదడలాడతందన్నాది. నా మెడికల్ అయ్యాక చూద్దాం, అలా కూకో అన్నాను.

ఇంకా కూకునే ఉంటాది డాక్టరమ్మ గారూ. నేను చెప్పినమాట ఏనాడూ కాదన్లేదు.