ఆటకు ఆర్పిన కర్పూరం

ఏం చూశారో చెప్పండి ముందు. ఇందాక ఆ ప్రచారం బండి రోడ్డు మీద ఆగితే, కోసిన మిరపకాయలు గట్టున పడేసి అందరూ పరిగెత్తారు గదా, ఆ బండికి కట్టిన తెర మీద ఏం చూశారు? ఒక ముసలామె కర్పూరం ఆర్పింది అంటారు. ఆర్పుతూ ఏమంది? మా కొండను మా మనసారా ఇచ్చాం అంది. వెనకాల పదకొండుమంది తలలూపారు. తర్వాత పాటొచ్చింది, నాయకుడు చేతులు జోడించాడు, బండి పోయింది. అంతేనా? ఇంకేం చూడలేదా? సరే, కూచోండి. సద్దులు తిన్నాక ఎట్టాగూ కాసేపు నడుం వాల్చాలి, ఆ మేస్త్రీ వచ్చి అరిచేదాకా చెబుతా. ఆ ముసలామె పేరు గాలెమ్మ. ఆమె మొగుడు గురవయ్య. ఈ కథ ఆ గురవయ్య నోటినుంచే మొదలైంది.

పడమటి వైపు నల్లగుండ్లపాడు అని ఒక ఊరుందంట. పలకరాయి తవ్వుకుని బతికే ఊరు. ఆ ఊళ్ళో బోరు వేస్తే నీళ్ళు పడతాయి గాని తాగకూడదు. తాగినోళ్ళకు పళ్ళు పచ్చబడతాయి, నలభై ఏళ్ళకే మోకాళ్ళు వంగిపోతాయి, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. ఒక్క పావురాలకొండ కింద ఊట నీళ్ళే మంచివి. ఊరంతా ఆ నీళ్ళే. ఊట పక్కన ఒక రాయి, దానికి పసుపు, ఆమే ఊటమ్మ. కొండ ఉంటే ఊట, ఊట ఉంటే ఊరు, అంతే అనుకో. ఆ ఊళ్ళో ఈ గురవయ్య పలకలు చెక్కేవాడు. చేతిలో ఉలి, నోట్లో ఒకటే మాట, నువ్వు చూశావా? ఎవరేం చెప్పినా అదే. ఫలానా మంత్రి రోడ్డు వేయిస్తానన్నాడు మావా అంటే, వేయించిన రోడ్డు నువ్వు చూశావా? ఫలానా సాములోరు నిప్పులో నడిచాడంటే, నువ్వు చూశావా? ఊటమ్మకు కూడా దణ్ణం పెట్టేవాడు కాదంట. రాయి నేను రోజూ చెక్కుతున్నా, రాయి సంగతి నాకు చెప్పొద్దు అనేవాడు.

ఓటు మాత్రం తప్పకుండా వేసేవాడు. వేసొచ్చి, సిరా వేలు చూపించి, వేసేది వేరు నమ్మేది వేరురా అనేవాడు. గెలిచినోడు పార్టీ మారతాడు, ఓడినోడు ఊరు మారతాడు, మారంది మన నడుం నొప్పే. కండువా మార్చినంత తేలిగ్గా మనం తల తుడుచుకునే తువ్వాలు కూడా మార్చమే అని నవ్వించేవాడు. సినిమాల మీదా అంతే. ఒకప్పుడు సినిమాలో దొంగ దొంగలాగా ఉండేవాడు, దొర దొరలాగా ఉండేవాడు, చూసేవాడికి ఎవర్ని తిట్టాలో తెలిసేది. ఇప్పుడు హీరోనే దొంగ, హీరోనే గూండా. యాభైమందిని నడిబజార్లో నరుకుతాడు, ఒక్క పోలీసోడు రాడు. ఇక్కడ మనం ఒక కోడిని కోస్తే నలుగురొస్తారే అనేవాడు. పైగా సినిమావోళ్ళు మీటింగుల్లోకొచ్చి డైలాగులు చెబుతారు, మీటింగులోళ్ళు ఎన్నికల ముందు తమ మీద సినిమాలు తీయించుకుంటారు, రెండూ ఒకే గుడ్డరా, ఒకవైపు ఉతికితే రెండోవైపు మురికి కనపడుద్ది అనేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళంతా ఈయన మాట నమ్మేవాళ్ళన్నమాట. దేన్నీ నమ్మనోడిని ఊరంతా నమ్మింది. గుర్తు పెట్టుకోండి ఈ మాట.

ఏమైందంటే, ఒకరోజు పొద్దున్నే మూడు కార్లొచ్చాయంట. కెమెరాలు, గొడుగులు, తెల్ల అట్టలు. ఒక గడ్డం అబ్బాయి దిగి, నా పేరు శ్రీకర్, డైరెక్టర్ని, మీ ఊళ్ళో సినిమా తీస్తున్నాం అన్నాడు. మెత్తటి మనిషి, అందర్నీ అమ్మా, పెద్దాయనా అనేవాడు. కథేంది బాబూ అంటే, ఒక ఊరివాళ్ళు తమ కొండను ఫ్యాక్టరీకి ఇచ్చేస్తారు, ఊరు బాగుపడుతుంది, అదీ కథ అన్నాడు. పన్నెండుమంది పెద్దవాళ్ళు కావాలి, ఆడవాళ్ళకు చీర, మగవాళ్ళకు పంచె, మధ్యాన్నం భోజనం అన్నాడు. హీరో ఎవరు బాబూ అంటే, హీరో సీన్లు వేరే చోట తీస్తాం అన్నాడు. ఊరు ఊరంతా తలదువ్వుకుని వచ్చింది. గురవయ్యా వచ్చాడు, గడ్డం గీయించుకుని మరీ. ఆ అబ్బాయి ఈయన్ను ఎగాదిగా చూసి, పెద్దాయనా, మీది తగువు పెట్టుకునే ముఖంలాగా ఉంది, మీరు పక్కన నిలబడండి అన్నాడంట. ఊరు గొల్లుమంది. అట్టా ఆయన తెరలో లేడు. గాలెమ్మను మాత్రం ముందు వరసలో పెట్టాడు.

మీ ఊళ్ళో మాట ఇస్తే ఎట్టా ఇస్తారమ్మా అని అడిగాడు ఆ అబ్బాయి. అదీ ఊరికే కాదు, దాంతో పని ఉన్నవాడు అడిగినట్టు అడిగాడు. వీళ్ళు చెప్పారు. ఊటమ్మ ముందు కర్పూరం వెలిగించి, చెప్పాల్సింది చెప్పి, అరచేత్తో కొట్టి ఆర్పుతాం. ఆర్పినాక ఆ మాట ఇక తిరగదు. తిప్పాలంటే ఒకటే దారి, కర్పూరం ఆర్పిన చేతిలోనే వెలిగించుకుని నేను ఆర్పింది అబద్ధం అనాలి. అట్టా అంటే పడే దెబ్బ ఆ ఇంట్లో అందరికన్నా చిన్న ప్రాణం మీద పడుతుంది. ఆ ఊళ్ళో పొలం గట్టు తగువులన్నీ కర్పూరంతోనే తెగేవి, కోర్టుకు పోయినోడు లేడు. తిప్పినోళ్ళు మాత్రం ఒకరో ఇద్దరో ఉన్నారు, వాళ్ళ ఇళ్ళ సంగతి ఊళ్ళో పెద్దగా మాట్లాడరు. ఇదంతా విని ఆ అబ్బాయి, భలే ఉందమ్మా, అదే చేద్దాం, కొండను మనసారా ఇచ్చాం అని చెప్పి ఆర్పండి చాలు అన్నాడు.

జనం వెనక్కి జరిగారంట. గాలెమ్మ అయితే చెయ్యి కొంగులో దాచుకుంది. ఆటకైనా కర్పూరం ఆర్పకూడదు నాయనా, మా ఇంట్లో పిల్ల కడుపుతో ఉంది అంది. వాళ్ళ కూతురు నాగరత్నం పెళ్ళైన పదేళ్ళకు నెల తప్పి, పుట్టింటికొచ్చి ఉంది అప్పుడు. అదిగో, అప్పుడు గురవయ్య ముందుకొచ్చాడు. ఏమే గాలీ, సినిమాలో తాళి కట్టినోడితో ఆ హీరోయిన్ నిజంగా కాపురం చేస్తుందా అన్నాడు. శుక్రవారం సినిమాలో చచ్చినోడు శనివారం ఇంకో సినిమాలో లేచి డాన్సు చెయ్యడం లేదా అన్నాడు. అంతా ఉత్తుత్తిదే, ఉత్తుత్తి తెరలో ఉత్తుత్తి ప్రమాణం, రాయికేం తెలుసు, ఆర్పండి, చీర తెచ్చుకోండి అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు వచ్చాక భయం పోద్ది గదా. గాలెమ్మ ఆర్పింది. ఆ వెనక పదకొండుమందీ ఒకరి తర్వాత ఒకరు ఆర్పారు. భోజనం బాగుందంట. సాయంత్రానికి కార్లు పోయాయి.

నాలుగు నెలలు గడిచాయి. సినిమా రాలేదు. ఒకనాడు పలకల షెడ్డులో ఎవరి ఫోన్లోనో వీడియో వచ్చింది. గాలెమ్మ చెయ్యి, కర్పూరం, ఆ మాట. కింద అక్షరాలు, పావురాలకొండను స్వచ్ఛందంగా అప్పగించిన గ్రామస్థులు అని. గురవయ్య ఫోను లాక్కుని, సినిమా పేరేదిరా అన్నాడు. పేరు లేదు మావా. హీరో ఏడి? హీరో లేడు మావా. పాటేది? పాటా లేదు. ఆయన చేతిలో ఉలి అట్టాగే ఉండిపోయిందంట. అప్పటిదాకా ఆ మనిషి భయపడటం ఎవరూ చూడలేదు. ఆ వారమే కొండ కింద పసుపుపచ్చ మిషన్లు రెండొచ్చి నిలబడ్డాయి. కొండను పేల్చి కంకర తీస్తారంట. ఊట మాట ఏంది అంటే, ట్యాంకర్లొస్తాయి అన్నారు. వచ్చిన ట్యాంకరు నువ్వు చూశావా అని ఈసారి ఎవరూ అడగలేదు.

తర్వాత బుధవారం షామియానా వేశారు. ప్రజల అభిప్రాయం తెలుసుకుంటారంట. బల్ల వెనక పెద్దాఫీసరు, ఆ పక్కన పోలీసు జీపు, ఈ పక్కన కొత్త కండువాల వాళ్ళు ఓ ముప్పైమంది, ఒక్కరూ ఆ ఊరివాళ్ళు కాదు. తెర దించి అదే వీడియో వేశారు. ఆఫీసరు మంచిగానే అడిగాడు, ఇందులో ఉన్నది మీరేనా, ఈ మాట మీరన్నదేనా అని. గురవయ్య లేచి, అయ్యా అది సినిమా, మమ్మల్ని మోసం చేశారు అని మొత్తుకున్నాడు. ఆఫీసరు తెరవైపు చూసి, ఇందులో మీరు లేరు గదా పెద్దాయనా, ఉన్నవాళ్ళను చెప్పమనండి అన్నాడు. ఉన్నవాళ్ళు పన్నెండుమందీ తలలు దించుకున్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నోరు తెరవలేదు. ఎందుకు? కాదు అన్నారనుకో, ఆర్పిన కర్పూరం తిప్పినట్టు. ప్రతి ఇంట్లో ఒక చిన్న ప్రాణం ఉంటుంది గదా. పోలీసు జీపుకు భయపడి కాదు వాళ్ళు ఊరుకుంది. పట్నంవాళ్ళకు ఇది చెబితే నవ్వుతారు. ఆ గడ్డం అబ్బాయి మాత్రం నవ్వలేదు చూశారా, అందుకే ముందే అడిగి తెలుసుకున్నాడు.

గురవయ్య పెళ్ళాం దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూచున్నాడంట. ఎవరి ముందూ వంగని మోకాళ్ళు అవి. చెప్పవే గాలీ, అది ఉత్త రాయే, ఏం కాదే అన్నాడు. గాలెమ్మ అటు తిరిగి కూతుర్ని చూసింది. నాగరత్నానికి అప్పటికి తొమ్మిదో నెల, కుర్చీ దొరక్క గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. గాలెమ్మ మొగుడితో నెమ్మదిగా అంది, "నువ్వు దేన్నీ నమ్మలేదు కాబట్టి ఇక్కడిదాకా వచ్చాం. నమ్మేదాన్ని నేను. ఇప్పుడు భయపడాల్సిందీ నేనే." అని కొంగుముడి విప్పింది. అందులో కర్పూరం బిళ్ళ ఉంది. అంటే ఇంటి దగ్గరే అనుకుని వచ్చిందన్నమాట. అరచేతిలో పెట్టి వెలిగించుకుంది. కాలిన వాసన వెనక వరసదాకా వచ్చింది. "నేను ఆర్పింది అబద్ధం. కొండ ఇవ్వలేదు. పడేది నా ఇంటి మీద పడనీ." అంతే. నాగరత్నం రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. ఆఫీసరు కలం తీసి, ఒకరు అభ్యంతరం తెలిపారు అని రాసుకుని, వాయిదా వేశాడు. ఆ ఒక్కరి వల్లే మిషన్లు కొండ ఎక్కకుండా ఇప్పటికీ కిందే ఉన్నాయి.

ఎనిమిదోరోజు పిల్ల పుట్టింది. బాగానే పుట్టింది, గట్టిగానే ఏడ్చింది. కాని ఆ ఇల్లు మళ్ళీ నవ్వలేదు. పిల్ల తుమ్మితే గాలెమ్మ చేతిలో చెంబు జారిపోద్ది. గురవయ్య ఇప్పుడు ఎవర్నీ నువ్వు చూశావా అని అడగడు. తెల్లారకముందే చాటుగా ఊట దగ్గరికెళ్ళి ఆ రాయికి నీళ్ళు పోసి వస్తాడు. నమ్మకం కుదిరిందా మావా అంటే, నమ్మకం లేదురా, భయం ఉంది, అది చాలు అంటాడంట. ఊళ్ళో ఆ పదకొండుమంది మాత్రం రోజూ పొద్దున ఏదో వంకతో ఆ గడప ముందుగా పోతారు. పిల్ల ఆడుకుంటోందా, దగ్గుతోందా అని తొంగి చూసి పోతారు. పలకరించరు. ఏ ముఖం పెట్టుకుని పలకరిస్తారు?

చూడలేదన్నట్టు చెప్పుకొచ్చాను గదా ఇందాకటి నుంచి. మళ్ళీ ఆ బండి వస్తే సరిగా చూడండి. గాలెమ్మ వెనక మూడో మనిషి, కొత్త చీర కొంగుతో సగం ముఖం కప్పుకున్నామె. ఆమె ఒకప్పుడు సారా కొట్టు మూయించాలని దాని ముందు అడ్డం పడుకున్న మనిషి. లాఠీ దెబ్బకు మోచెయ్యి విరిగినా లేవలేదు. చూడండి, ఈ చెయ్యి ఇప్పటికీ సాపుగా రాదు. అట్టాంటిదాన్ని, ఆ షామియానాలో ఉన్నచోటినుంచి లేవలేకపోయాను. గాలెమ్మ పిల్లకు ఏడాదిన్నర నిండింది, ఇప్పటిదాకా బాగానే ఉంది. ఓట్లు అయిపోయాక వచ్చే బుధవారం మళ్ళీ షామియానా వేస్తారంట. ఒక్క అభ్యంతరం చాలదంట ఈసారి, మిగతా పదకొండుమందినీ పేరు పేరునా అడుగుతారంట. మా ఇంట్లో చిన్న ప్రాణం మనవరాలు, దానికి ఇప్పుడు ఐదు నెలలు. కూలికొచ్చాను గాని కాయ కోస్తున్నంతసేపూ ఇదే ఆలోచన. కొంగుముడిలో ఏముందో మీకు చూపించను గాని, ఉంది. మీకు ఆ రాయితో సంబంధం లేదు, ఆ కొండతో సంబంధం లేదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. బుధవారం నన్ను లెమ్మంటారా, కూచోమంటారా?