మొద్దు గాదంట మా బిడ్డ

"అవ్వా, మీ హారికను ఆ ప్రైవేటు బడి మాన్పించినారంట గదా. ఎందుకు?"

ఎందుకా. కూర్చో లావణ్యా, చెప్తా. తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండతాది. మా చిన్నోడి కూతురు గదా హారిక, ఐదో తరగతి. నోటితో ఏదడిగినా చెప్తాది. టీవీలో తుపాను కబురు ఒకసారి వింటే చాలు, పడవ కాడుండే వాళ్ల నాయనకు పొల్లు పోకుండా అప్పజెప్పొస్తాది. పుస్తకం ఇస్తే మాత్రం, పడవ అని ఉంటే వడప అంటాది. పొద్దున నేర్చిన మాట సాయంత్రానికి మళ్లీ కొత్తదే.

ఒకనాడు అన్నం క్యారియరు ఇద్దామని బడికి పోయినా. ఐదో తరగతిలో లేదు. ఆయా పక్క గదికేసి చెయ్యి చూపించింది. యూకేజీ పిల్లకాయల మధ్యన, ఆ చిట్టి కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకోని కూర్చోనుండాది నా మనవరాలు. చదివేది వచ్చేదాకా ఆడే ఉండాలంట. ఆ చంటి పిల్లకాయలు గూడా 'మొద్దక్కా' అంటా ఉండారు.

హెడ్‌మాస్టరు కాడికి పోయి, "ఏంది సార్ ఇది" అని అడిగినా. ఆయన కుర్చీలోంచి లేవకనే, "మీ పాపకు బుర్ర లేదమ్మా, చేపలు ఎండేసుకునే పనిలో పెట్టుకోండి" అన్నాడు. చూడు ఎంత మాటో. చేపలు ఎండేసేదానికి బుర్ర అక్కర్లేదని ఈయనకెవరు చెప్పినారో. బిడ్డ చెయ్యి పట్టుకోని వచ్చేసినా. మళ్లీ ఆ గడప తొక్కలా.

మా కోడలు నెల్లూరుకు తీసకపోయి డాక్టరమ్మకు చూపించింది. ఆమె బొమ్మలు, మాటలు పెట్టి చానాసేపు పరీక్ష చేసి, "కళ్లు బాగున్నాయి, తెలివీ బాగుంది. దీన్ని డిస్లెక్సియా అంటారు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఉంటుంది, అక్షరాన్నీ శబ్దాన్నీ జత చేసుకోవడం కష్టమవుతుంది. సోమరితనం కాదు. నేర్పే పద్ధతి మారిస్తే చదువుతుంది" అనింది. ఇప్పుడు మనూరి బడిలోనే వేసినాం. ఆ బళ్లో టీచరమ్మ ఇసకలో దిద్దిస్తా, నోటితో పలికిస్తా నేర్పిస్తా ఉండాది. పరీక్షలో టైము కూడా ఎక్కువిస్తాది. మెల్లంగానే అనుకో, చదవతా ఉండాది.

డాక్టరమ్మ చెప్పిన సంగతే హారిక పోయి మా అన్నకు చెప్పింది. పోలయ్యన్న, తెలుసు గదా, వలలు బాగుచేస్తాడే. మా పెద్దక్క తర్వాత ఆయనే... కాదు కాదు, మధ్యన ఒక పిల్లోడు పుట్టి పోయినాడులే. "తాతా, నేను మొద్దు గాదంట. అక్షరాలు నాకు నిలవ్వంట, అంతే" అనింది. మా అన్న చేతిలో వల కింద పెట్టినాడు. "నాగ్గూడా నిలిచేవి కాదు పాపా" అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది లావణ్యా. మా చిన్నప్పుడు అయ్యోరు మా అన్న మెళ్లో పలక కట్టి ఎండలో నిలబెట్టేవాడు. బెత్తంతో వాతలు తేలేట్టు కొట్టేవాడు. ఇంటికొస్తే మా నాయన కొట్టేవాడు. ఆఖరికి బడి మాన్పించి పడవెక్కించినారు. బస్సు బోర్డు చదవలేక, కళ్లజోడు మర్చిపోయినా అని అబద్ధం చెప్పుకుంటా బతికినాడు ఆ మనిషి. తాను మొద్దునే అనుకుంటా ముసలోడైపోయినాడు. ఏం నాయనా, పలకలో అక్షరం నీకు ఎట్ట కనపడతాంది అని ఒక్కరన్నా అడిగినారా? అడిగేదానికి నోరు రాలా, కొట్టేదానికి చేతులొచ్చినాయి.

మా అన్నకు కోపం గూడా రాలా, చూడు. పాప తల మీద చెయ్యి పెట్టి, "నిన్ను కొట్టలేదు గదా?" అని మాత్రం అడిగినాడు.

ఆయన పడాల్సిన కోపం నేను పడతా ఉండా. రేపు నీ పిల్లోడికి అక్షరం రాకపోతే చెయ్యెత్తబాకమ్మా. ముందు వాణ్ణి అడుగు, ఏం కష్టమవతాందో... సల్లగా ఉండండి, మీరన్నా...