ఒంటిగంటకు కథ

మాదాపూర్‌లోని ఒక అమ్మాయిల హాస్టల్లో వంటావిడ రొట్టెలు కాలుస్తోంది. హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకతె కాగితం పట్టుకుని పొయ్యి పక్కన నిలబడింది.

“అక్కా, వడ్డిస్తూ మాకు కథలు చెప్తారుగా. ఆదివారం సాహిత్య పండగలో ఒకటి చెప్పాలి. వాళ్ళతో మాట్లాడి మీకు ఒంటిగంటకు టైమిప్పించాం.”

“చదువు రానిదాన్ని, నన్నెవరు రానిస్తరు బిడ్డా?”

“ఎవరైనా రావచ్చక్కా. టికెట్టు కూడా లేదు.”

“ఒంటిగంటకంటే ఎట్ల? ఇక్కడ అరవై మందికి అన్నం ఎవరు పెడ్తరు?”

“ఆ అరవై మందిమీ అక్కడే ఉంటాం. ఇదిగో, అందరూ పేర్లు రాశారు.”

“నా కథ కోసమా?”

“నిన్న సగంలో ఆపేశారుగా.”

“ఇగ పులిహోర కలిపి ఆడికే తెస్త. జల్దీల ఉప్పు తక్కువైతే నన్ను అనొద్దు.”

“మీరు కథ చెప్తుంటే ఏం తింటున్నామో మేమెప్పుడు చూసుకున్నామక్కా?”